విడిచిన దెబ్బ

"బిడ్డా, గా దెబ్బ ఎందుకు నింపినవ్?"

గంగాప్రసాద్ కంప్యూటర్ మీది నుంచి తల తిప్పాడు.

ఆర్మూర్ పసుపు మార్కెట్ ఎదురుగా ఉన్న అతని పాటల దుకాణం మెట్టు మీద ఆ ముసలాయన పది రోజులుగా వచ్చి కూర్చుంటున్నాడు. ధోతికి పసుపు మరకలు. కుడిచెయ్యి ఎప్పుడూ తువ్వాల కిందే. ఏ పాటా అడగడు. వింటాడు, పోతాడు.

"ఏ దెబ్బ తాతా?"

"ఢోలక్ ది. ఏడు కొట్టి ఎనిమిదోది ఇడిసిపెట్టి ఉండె. నువ్వు గాడ ఇంకోటి అతికిచ్చినవ్."

గంగాప్రసాద్ నవ్వాడు. పైన కాగితం కూడా లేని పాత భజన క్యాసెట్ అది. ఎవరు వాయించారో తెలియదు. ఎనిమిదేళ్లుగా మాత్రం అతని డీజే పాటలన్నిటికీ ఆ ఢోలక్ బిట్టే ప్రాణం. పెళ్లి బరాత్ కైనా, వినాయకుడి ఊరేగింపుకైనా దాన్నే కోసి, అతికించి, వేగం పెంచి ఇచ్చేవాడు.

"గది తప్పు తాతా. వాయించినోడు మర్చిపోయిండు. నేను సక్కగ చేసిన."

"మర్చిపోలే బిడ్డా. గాడ జనం చప్పట్లు కొట్టాలె. జాగ ఇడిసిపెట్టకపోతే వాళ్లేడ కలుస్తరు?"

పక్క చాయ్ హోటల్ భోజన్న తల బయటికి పెట్టాడు. "ఓ తాతా, నువ్వేమన్న ఢోలక్ మాస్టర్ వా? ఏదీ, ఒక్క దరువెయ్యి సూస్తం!"

ముసలాయన తువ్వాల కింద నుంచి చెయ్యి తీశాడు.

బొటనవేలు, చూపుడువేలు. మిగతా మూడూ లేవు.

భోజన్న తల లోపలికి తీసుకున్నాడు.

"పసుపు పాలిష్ చేసే డ్రమ్ముల పడ్డయ్," అన్నాడు ముసలాయన, అదేదో చిన్న సంగతి అన్నట్టు. "చెయ్యితోని కాకపోయినా నోటితోని చెప్త. ఒక కొత్త దరువుంది నా తాన. నేర్చుకో, నీదే పాట చేసుకో."

"ఇయ్యాల తీరిక లేదు తాతా. రేపు రా."

మర్నాడు వచ్చాడు. రేపు రమ్మన్నాడు.

ఆ మర్నాడూ అంతే.

తర్వాత మెట్టు ఖాళీగా ఉంది. ఎన్నాళ్ల నుంచి ఖాళీగా ఉందో గంగాప్రసాద్ చూసుకోలేదు.

వానలు పడ్డాక భజన మండలి నీలవ్వ వచ్చింది.

"శ్రావణంల పాడుకోను మా దేవునికి ఒక పాట కట్టియ్యి, తమ్మీ."

గంగాప్రసాద్ పాత బిట్టే వేసి వినిపించాడు.

"గిది మొన్న మా గల్లీ బరాత్ ల ఇన్నదే గదా! తాగి ఎగిరిండ్రు దీనికి. దేవునికి ఎంగిలి పెడ్తమా? నీ సొంతది ఒక్కటి లేదా?"

ఎనిమిదేళ్లు. తనది అని చెప్పుకునే దెబ్బ ఒక్కటైనా ఉందా? ఇంట్లో నైవేద్యం రుచి చూడకుండా పెట్టేవాడు, పాట విషయంలో ఈ మాట ఎందుకు ఆలోచించలేదు?

ఢోలక్ కొన్నాడు. రోజూ పొద్దున్నే దీపం పెట్టి సాధన చేశాడు. ఏం వాయించినా ఆ క్యాసెట్ లాగే వచ్చేది. అరచేతులు బొబ్బలెక్కాయి.

నెల తర్వాత ఒకరోజు నొప్పికి చెయ్యి ఎనిమిదో దెబ్బ దగ్గర ఆగిపోయింది.

అట్లాగే విడిచిపెట్టాడు. దాని చుట్టూ తనదైన వరస మెల్లగా కట్టుకున్నాడు.

శనివారం భజనలో ఆ ఖాళీ రాగానే, ఎవరూ చెప్పకుండానే, నలభై మంది ఆడవాళ్లు ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు.

నీలవ్వ కళ్లు తుడుచుకుంది. గంగాప్రసాద్ కు మాత్రం మెట్టు గుర్తొచ్చింది.

తెల్లారి మార్కెట్ లో హమాలీలను అడిగాడు.

"వేళ్లు లేని హన్మయ్యనా? ఆలూర్ ఆయనది."

ఫోన్ లో పాట పెట్టుకుని ఆలూర్ పోయాడు. ముందు ఆయనకు వినిపించాలి. ఆ కొత్త దరువు కాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.

తలుపు తీసిన ముసలామె రత్నవ్వ, హన్మయ్య భార్య.

"ఆయన పోయి నెల దాటింది బిడ్డా."

గంగాప్రసాద్ గడప ముందే కూలబడ్డాడు. "నాకు దరువు నేర్పుతనన్నడు అవ్వా. నేనే రేపు రా, రేపు రా అన్న."

"ఆర్మూర్ ల పాటల దుకాణం నీదేనా?"

తల ఊపాడు. ఆమె ముఖంలో కోపం లేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"అంత దూరం నుంచి నా దుకాణానికి ఎందుకొచ్చేటోడు అవ్వా?"

రత్నవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"'డ్రమ్ముల పడ్డ నా వేళ్లు గా పిల్లగాని తాన ఇంకా మోగుతున్నయే, జర ఇనొస్త' అని రోజు చెప్పి పోతుండె."