ఆగని గీత

"స్విచ్ మీద చెయ్యి పెట్టినావంటే చూడు!" అంది అక్కమ్మ.

ఈరేష్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చనిపోయిన ఆమె కొడుకు, తన తోటి లెక్చరర్ ప్రశాంత్ దగ్గరున్న కాలేజీ కంప్యూటర్‌ని తీసుకుపోవడానికి అతను బళ్ళారి నుంచి జీపులో వచ్చాడు. సండూరు చేరేసరికే ఇనుప గనుల దుమ్ముకి చొక్కా ఎర్రబారింది. ప్రశాంత్ గదిలో కిటికీ ఊచలకీ ఎర్రదుమ్మే. తెర మీద మాత్రం నలుసైనా లేదు. అక్కమ్మ కొంగుతో తుడుస్తూనే ఉంది.

తెర మీద తెల్లటి గీత ఒకటి తనంతట తాను పాకుతోంది. గాలులు, నీటి సుడులు ఎట్లా దారి తప్పుతాయో గీసి చూపే సాఫ్ట్‌వేర్ అది. గీత ఎడమ సుడిలో తిరిగి తిరిగి, ఉన్నట్టుండి కుడి సుడిలోకి దూకుతుంది. నడిచిన దారిలో మళ్ళీ నడవదు. ఎప్పుడు ఎటు దూకుతుందో చూసేవాళ్ళకు అంతుపట్టదు.

చనిపోయిన రోజు పొద్దున ప్రశాంత్ దాన్ని మొదలుపెట్టి, "నేనొచ్చేదాకా ఆపొద్దమ్మా" అని బండెక్కాడు. మలుపులో మైన్స్ లారీ ఎదురైంది. కర్మలన్నీ అయిపోయినా గీత తిరుగుతూనే ఉంది. కరెంటు పోయినా ఆగకుండా అక్కమ్మ లారీ బ్యాటరీలు తెప్పించి తగిలించింది.

"వాడు దాంట్లోనే తిరుగుతాండాడప్పా. చూడు, మళ్ళా ఇట్లొస్తాడు."

గీత నిజంగానే ఇటు దూకింది. ఈరేష్ తెలియకుండానే వెనక్కి జరిగాడు.

"అది లెక్క అత్తా," గుమ్మంలోంచి విసుక్కుంది ప్రశాంత్ భార్య అనుపమ. ఆమె స్కూల్లో లెక్కల టీచరు. "లెక్కకు పానముంటాదా? పిల్లోళ్ళ పరీక్షలుండాయంట, తీస్కపోనీ. రోజూ ఇదే గోల."

"నీకేమ్మే! నీది రాయి గుండె."

"రాయే. చుట్టూ కొండలన్నీ తవ్వి అమ్ముకుంటిరి. ఈ రాయొక్కటే మిగిలింది."

ఈరేష్ అక్కమ్మ పక్కన చతికిలబడ్డాడు. "పెద్దమ్మా, వాడు యాడికీ పోడు. మొదలుపెట్టిన అంకెలు దీంట్లోనే ఉండాయి. అవే మళ్ళా ఇస్తే ఇదే గీత ఇదే దారిలో వస్తాది. వెంట్రుకవాసి తేడా ఉండదు."

"అన్ని మలుపులూ అవేనా?"

"అవే. ఆఖరంకె రవ్వంత మారిస్తేనే వేరే దారి పట్టేది. నేను మార్చను, ఒట్టు. కాలేజీలో మళ్ళా మొదలుపెడతా."

"వాడే వస్తాడా?"

ఈరేష్ తలూపాడు. చెప్పింది అబద్ధమో నిజమో అతనికే తెలియలేదు.

అక్కమ్మ తెరను కొంగుతో ఇంకోసారి తుడిచింది. తెర చుట్టూ చేతులు తిప్పి కణతల దగ్గర మెటికలు విరిచింది. "పోయిరా నాయనా," అంటూ తనే స్విచ్ నొక్కింది. గీత పోయింది. నల్లటి తెరలో ఆమె ముఖం మాత్రం మిగిలింది. అనుపమ అటు చూడకుండా వైర్లు చుట్టి ఈరేష్ చేతికిచ్చింది.

జీపు కదలబోతుంటే అనుపమ పరుగున వచ్చి తలుపు పట్టుకుంది. రొప్పుతోంది.

"ఏందమ్మా, ఏమన్నా మర్చిపోతినా?"

ఆమె ఇంటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"ఆఖరంకె మార్చండన్నా. అదే దారిలో వస్తే మళ్ళా ఆ లారీ కిందికే పోతాడు."