పచ్చరంగు పలకలు

వానలకు ముందే కొలువు పాకకు కొత్త కప్పు వేయించాలి. "ఈసారి అడవికి చేటు చేయని సరుకే కొను" అని సింహం సరుకుల అధికారి ఎలుగుబంటికి చెప్పింది.

గిజిగాడు ఎండుగడ్డి తెచ్చింది. నక్క ఆకుపచ్చ రంగు పూసిన చెక్క పలకలు తెచ్చింది. ఎలుగుకు ఏమీ పాలుపోలేదు. గడ్డి వెలిసిపోయి ఉంది, పలకలేమో పచ్చగా నిగనిగలాడుతున్నాయి. చివరికి పలకలే కొంది.

మర్నాడు కొండమీది ఉడుత తన పిల్లలతో దిగివచ్చింది. ఒక పలకను వాసన చూసి, "ఇది మా చెట్టండీ!" అంది.

ఎలుగు తల గోక్కుని, నక్కను పిలిపించింది. "పచ్చగానే ఉందే మరి! నక్కా, వీటిని వెనక్కి తీసుకుపో."

"ఎక్కడికి తీసుకుపోను? ఆ కొండమీద ఒక్క చెట్టూ మిగల్లేదు" అంది నక్క.

అలిసిపోయిన ఉడుత పిల్లలు ఆ పలకల మీదే ముడుచుకుని పడుకున్నాయి.