గడప మీది రంగు

తలుపు తెరుచుకోలేదు. "ఈ ఇంటి స్థాయి పెరిగింది. మీ అద్దె ఇక చాలదు. సాయంత్రంలోగా ఖాళీ చేయండి," అంది తలుపులోని గొంతు.

మిల్లు నుంచి అప్పుడే వచ్చిన సుగుణ గడప బయటే ఆగిపోయింది. మండపేటలో కూలివాళ్లకు అందే ఇళ్లు ఈ ఒక్క వీధిలోనే మిగిలాయి. మాట్లాడే తలుపులు ఇక్కడికీ వచ్చి మూడు రోజులైంది.

"ఇది నీ పనే కదూ, కామేశం?" ఆమె భర్త వెంకన్న, వాకిట్లో నిలబడ్డ ఇంటి ఓనరు మీద విరుచుకుపడ్డాడు.

"నన్నంటావేంట్రా? అద్దె తేల్చేది ఇప్పుడు ఆ తలుపే!"

"కొత్త రంగు పడింది," అంది తలుపు. "వేసినవారు పేరు చెప్పి తుడిచేస్తే పాత స్థాయే."

"రంగా? ఈ గోడలు సున్నం మొహం చూసి పదేళ్లయింది!" అన్నాడు వెంకన్న.

సుగుణ కిందికి చూసింది. పొద్దున తను పూసిన పసుపు గడప మీద మెరుస్తోంది. చిన్నప్పుడు అద్దింట్లో అమ్మ శుక్రవారం గడపకు ఇలాగే పసుపు రాస్తుంటే, ఆ ఇంటాయన ఆగి చూసి మురిసిపోయేవాడు. "నీ చేతిలో నా ఇల్లు కళకళలాడుతోందమ్మా. ఈ ఏడు అద్దె పెంచనులే" అనేవాడు.

సుగుణ కొంగు తడిపి గడప ముందు వంగింది.

"రంగు వేసింది నేనే," అంది తలుపుతో. "మల్లిపూడి సుగుణ."