అరువు ముక్కు

"చెర్రీ పండు. ఎండిన గులాబీ. చివర్లో కొంచెం తారు," అంది దెల్ఫీనా పెదవులు కదపకుండా, వైన్ గ్లాసును భర్త ముందుకు జరుపుతూ.

ఎర్మానో గ్లాసు అందుకుని, ముక్కును అందులో ముంచినంత పని చేసి కళ్ళు మూసుకున్నాడు. హాల్లో జనమంతా ముందుకు వంగారు.

"చెర్రీ," అన్నాడు తీరిగ్గా. "అమ్మమ్మ తన ప్రార్థన పుస్తకంలో దాచుకున్న గులాబీ రేకు. వాన వెలిశాక తారు రోడ్డు. ఇంకెవరు, మా కొండల వైన్, బరోలోయే!"

సీసాకు తొడిగిన గుడ్డసంచి తీసి పేరు చూపించారు. బరోలోయే. చప్పట్లు మోగాయి.

రెండేళ్ళ కిందట ఒక చలికాలం పట్టుకున్న జ్వరంలో ఎర్మానోకి వాసన తెలియకుండా పోయింది. జ్వరం తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. ఈ కొండల్లో ఎవరి వైన్ నిలబడుతుందో, ఎవరిది మూలపడుతుందో పత్రికలో తేల్చి చెప్పే మనిషికి పొద్దుటి కాఫీ కూడా ఒట్టి చేదునీళ్ళయింది. మంచం దిగకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి మానేశాడు. అప్పుడు దెల్ఫీనాయే వచ్చి మంచం అంచున కూర్చుంది.

"నేను రుచి చూసి చెబుతాను. నువ్వు రాయి. ఎవడికి తెలుస్తుంది?"

ఆమె ద్రాక్షతోటలో పుట్టి పెరిగిన మనిషి. అప్పటినుంచి వంటింటి బల్ల మీద సీసా ముందు పెట్టుకుని ఆమె చెప్పేది, అతను దానికి నగిషీలు చెక్కేవాడు. మునుపటికన్నా బాగా రాస్తున్నాడని జనం మెచ్చుకున్నారు. మెప్పు ఒంటబట్టాక అది అరువు ముక్కన్న సంగతే మరిచిపోయాడు ఎర్మానో.

ఆల్బా ఊళ్ళో ఇటలీ వైన్లూ అమెరికా వైన్లూ పక్కపక్కన పోసి, సీసాలు కనబడకుండా రుచి చెప్పించే సభకు పిలుపు వచ్చినప్పుడు దెల్ఫీనా బతిమాలింది.

"వద్దు ఎర్మానో. ఇంట్లో అయితే సీసా మీద పేరు కళ్ళముందుంటుంది. అక్కడ నావల్ల కాదు."

"నీకేం కష్టం? పక్కన కూర్చుని గొణగడమేగా!"

ఆమె మాట ఎప్పుడు చెల్లింది గనక.

ఇప్పుడు ఆ సభలోనే రెండో గ్లాసు వచ్చింది. దెల్ఫీనా దాన్ని దీపానికి ఎత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక గుక్క తాగింది.

"చిక్కగా, నల్లగా ఉంది. పండ్ల జామ్. మిరియాలు. కాలిఫోర్నియా జిన్‌ఫాండెల్."

"జామ్ సీసా మూత ఊడి ఒళ్ళో పడ్డట్టుంది!" అన్నాడు ఎర్మానో పైకి. "అమెరికావాళ్ళకు ఏదైనా కాస్త ఎక్కువే ఉండాలి. ఇది తాగేది కాదు బాబూ, రొట్టెకు పూసుకునేది."

జనం విరగబడి నవ్వారు. ముందు వరసలో ఉన్న అమెరికా తోటల ఆసామి వెండెల్ కూడా నవ్వాడు. "పూసుకున్నా బాగానే ఉంటుంది మాస్టారూ! మా ఇంట్లో అదే చేస్తాం."

సభ నడిపిస్తున్న జెల్సోమీనా మర్యాదకు అడిగింది. "మీ ఆవిడ కూడా ఒక మాట చెబితే బాగుంటుందేమో?"

"ఈవిడా?" ఎర్మానో భార్య భుజం తట్టాడు. "మొన్న స్టవ్ మీద పాలు మాడి ఇల్లంతా పొగైతే, పక్కనే కూర్చుని స్వెట్టర్ అల్లుకుంటోంది. నన్నడిగితే, ఆ ముక్కు అలంకారానికే!"

మళ్ళీ నవ్వులు. దెల్ఫీనా కూడా నవ్వింది. ఆ నవ్వు పెదాలు దాటి కళ్ళదాకా రాలేదు.

మూడో గ్లాసు. ఈసారి చాలాసేపు దీపం వైపే చూసింది. పలచటి ఎరుపు, అంచున ఇటుక రంగు. ఒక గుక్క మింగి, ఇంకో గుక్క తాగింది.

"మళ్ళీ బరోలోయే," అంది మెల్లగా. "పాతది. గులాబీ, అడవి పుట్టగొడుగు, పొగాకు."

ఎర్మానో లేచి నిలబడ్డాడు. "మహారాణి బరోలో వచ్చింది, లేవండి! తోట నిండా గులాబీలు. తాతగారి పొగాకు డబ్బా. ఈ ముసలావిడ ముందు అమెరికా పిల్లలంతా చేతులు కట్టుకోవాల్సిందే!"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బల్ల దగ్గర మిగతావాళ్ళంతా తమ గ్లాసులు దూరంగా నెట్టేసి ఉన్నారు. వెండెల్ ఇబ్బందిగా లేచాడు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. ఆ సీసా బిరడా చెడి వైన్ పాడైంది. తడిసి బూజుపట్టిన అట్టపెట్టె కంపు ఇక్కడిదాకా కొడుతోంది. మీకు తెలియడం లేదా?"

వెనక నుంచి ఎవడో అరిచాడు. "పెద్దాయన ముక్కు ఇంట్లో మరిచిపోయి వచ్చినట్టున్నాడు!"

ఇంతకుముందు అతని మాటలకు నవ్విన నోళ్ళే ఇప్పుడు అతన్ని చూసి నవ్వాయి.

ఇంటికి వెళ్ళే దారిలో దెల్ఫీనా కారు నడుపుతోంది. తోటల మీద పొగమంచు దిగుతోంది. ఊరు దాటగానే ఎర్మానో ఆమె వైపు తిరిగాడు.

"కావాలనే చేశావు," అన్నాడు.

ఆమె అద్దం మీది మంచు తుడిచింది.

"పాల ముచ్చట చెప్పి నవ్వించాననేగా! నలుగురి ముందూ నా గొంతు కోశావు. రేపు నా రాతలు ఏ పత్రికవాడు వేసుకుంటాడు? సంతోషమేనా?"

"లేదు."

"ఆ కంపు తెలియలేదని మాత్రం అనకు. చిన్నప్పుడు మీ నాన్న నేలమాళిగలో చెడ్డ సీసాని గుమ్మంలోంచే పసిగట్టేదాన్నని నువ్వే చెప్పావు."

"అవును, పసిగట్టేదాన్నే."

"మరి పగ కాకపోతే ఏంటిది?"

దెల్ఫీనా కారు పక్కకు తీసి ఆపింది. స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, ఎదుటి మంచులోకి చూస్తూ కూర్చుంది.

"నువ్వు గోడవైపు తిరిగి పడుకున్న రోజు, నీకో మాట చెప్పాలనే మంచం దగ్గరికి వచ్చాను," అంది. "నీ మొహం చూశాక చెప్పలేక ఇంకేదో చెప్పాను."

"ఏం చెప్పాలని వచ్చావు?"

"నీకన్నా ముందు నాకే పోయింది వాసన."