బూడిద కోటలో ఒంటి చెప్పు

“అమ్మా, మీ సిరీస్‌లో కరెంటు పోయిందా?”

కూతురు టీవీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వెలుతురు పెంచే బటన్ నొక్కుతూనే ఉంది. తెర మాత్రం మాడిన పెనంలా నల్లగానే ఉంది.

 ఆ యానిమే బొమ్మల సిరీస్ తీసిన స్టూడియోలో తల్లిది చప్పుళ్ళు చేసే పని. అందరూ ఆమెను చప్పుళ్ళక్క అంటారు. బొమ్మ నడిస్తే ఆమె నడవాలి. బొమ్మ తలుపు తోస్తే ఆమె తలుపు తొయ్యాలి.

సిరీస్ పేరు ‘బూడిద కోట’. లోకం అంతమైపోయింది. సూర్యుడు బూడిద వెనక దాక్కున్నాడు. కూలిన గోపురాల మధ్య, నెత్తురు తాగి శవపేటికల్లో పడుకునే దొరల నుంచి ఒక పాప తప్పించుకుని తిరుగుతుంటుంది. పది ఎపిసోడ్లు. తడి తువ్వాలు దులిపి గబ్బిలాల రెక్కలు, ఎండుపుల్లలు విరిచి ఎముకలు... చప్పుళ్ళక్క మూడు నెలలు ఆ కోటలోనే కాపురం చేసింది.

విడుదలయ్యాక జనం రెండుగా చీలిపోయారు. అద్భుతం అన్నవాళ్ళు ఎందుకు అద్భుతమో చెప్పలేకపోయారు. చెత్త అన్నవాళ్ళు మాత్రం వివరంగా చెప్పారు.

“రెండో ఎపిసోడ్ అంతా తెర మీద నా మొహమే కనిపించింది. నటన పర్వాలేదు” అని ఒకాయన రాశాడు.

“కథ ఉందేమో, టార్చిలైటు ఇప్పిస్తే వెతుక్కుంటాం” అని ఇంకొకావిడ.

చప్పుళ్ళక్క ఒక్కటీ వదలకుండా చదివింది. చప్పుళ్ళ ఊసు ఎవరూ ఎత్తలేదు.

దర్శకుడు మాత్రం మెట్టు దిగలేదు. “చీకటంటే చీకట్లాగే ఉండాలి. జనానికి చూడటం రాకపోతే నేనేం చేసేది?” అన్నాడు.

స్టూడియో నడిపే మేడమ్ అందర్నీ పిలిచింది.

“రెండో సీజన్ కావాలంటే వెలుతురు పెంచాలి. ఇంకో మాట. చప్పుళ్ళ గది మూసేద్దాం. కంప్యూటర్లో అన్నీ తయారుగా దొరుకుతున్నాయట.”

ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో నడుస్తూ, పరుగెడుతూ, పడుతూ లేస్తూ ఉన్న మనిషి చప్పుళ్ళక్క. ఆ మాట విని చప్పుడు చెయ్యకుండా కూర్చుంది.

ఆ వారమే ఒక కొత్త సమీక్ష వచ్చింది. రాసింది ఎవరో పియానోలు బాగుచేసే ఆయన. దర్శకుడు దాన్ని చేత్తో పట్టుకుని గది గదికీ తిరిగి చదివి వినిపించాడు.

“ఇంత స్పష్టమైన లోకాన్ని ఈ మధ్య నేనెరగను. ఆ మందిరం పైకప్పు ఎంత ఎత్తో, ఎడమ గోడ ఎక్కడ కూలిందో, దొర ఏ స్తంభం వెనక నక్కాడో, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. నాలుగో ఎపిసోడ్‌లో పాప ముప్ఫై ఏడు మెట్లు దిగింది. ఒక కాలికే చెప్పుంది. రెండోది ఎక్కడ పోగొట్టుకుందో పాపం!”

“ఇదీ చూపంటే!” అని దర్శకుడు గంతేశాడు. బొమ్మలు గీసేవాడి వైపు తిరిగాడు. “ఒంటి చెప్పు నువ్వే గీశావా?”

అతను బుర్ర గోక్కున్నాడు. “గీసే ఉంటానండీ.”

చప్పుళ్ళక్క తన కాళ్ళ వైపు చూసుకుంది. రికార్డింగ్ రోజున ఆమె ఎడమ చెప్పు తెగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టే ఓపిక లేక, ఒంటి చెప్పుతోనే మెట్లన్నీ దిగింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడేమో బొమ్మలో కూడా ఒంటి చెప్పేనంటున్నారు. భోజనాల వేళ నాలుగో ఎపిసోడ్ పెట్టుకుని, తెరకు ముక్కు ఆనించి మరీ చూసింది. ముక్కు కనిపించింది. చెప్పు కనిపించలేదు. గీశారేమోలే అని సరిపెట్టుకుంది.

“ఆయన్ని పిలిపించండి” అంది మేడమ్. “రెండు రకాలుగానూ వేసి చూపిద్దాం. ఆయన మాటే నా మాట. ఆయన మెచ్చింది ఎవరి పనితనమో తేలితే, వాళ్ళ జోలికి మాత్రం వెళ్ళను.”

అనుకున్న రోజు పొద్దున పదకొండింటికి అందరూ ప్రివ్యూ గదిలో చేరారు. దర్శకుడు పట్టుబట్టి ఒక్క దీపం కూడా లేకుండా ఆర్పించాడు. మేడమ్ మోకాలు కుర్చీకి కొట్టుకుంది. బొమ్మలు గీసేవాడు వెళ్ళి దర్శకుడి ఒళ్ళో కూర్చున్నాడు. చప్పుళ్ళక్క గోడ తడుముకుంటూ వెళ్ళి చివరి వరసలో చతికిలబడింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. టకటకమని చిన్న చప్పుడు. గొడుగు కాబోలనుకుంది ఆమె.

“ఇటు రండి సార్!” దర్శకుడు పిలిచాడు.

వచ్చినాయన దేనికీ తగల్లేదు, ఎక్కడా తడబడలేదు. తిన్నగా వచ్చి దర్శకుడి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

“చూశారా మేడమ్?” దర్శకుడి గొంతు పొంగిపోయింది. “మనమంతా పడుతూ లేస్తూ వచ్చాం. ఆయన్ని చూడండి!”

“ముందు ఒకటి చెప్పండి” అన్నాడు వచ్చినాయన, తెలిసినవాళ్ళ పిల్ల గురించి అడుగుతున్నట్టు. “ఆ పాపకు రెండో చెప్పు దొరికిందా?”

 “కొత్త జత కొనుక్కుందండీ” అంది చప్పుళ్ళక్క చీకట్లోంచి.

“హమ్మయ్య!” అన్నాడాయన.

“ఆ కబుర్లు తర్వాత” దర్శకుడు అడ్డొచ్చాడు. “ఒకసారి నేను తీసినట్టు, ఒకసారి వెలుతురు పెంచి వేస్తాం. మీ కళ్ళతో చూసి, ఏది బాగుందో మేడమ్‌కు మీరే చెప్పండి.”

“చెప్పడానికేం భాగ్యం గానీ సార్, కాస్త తెర ఏవైపుందో చెబితే అటు తిరిగి కూర్చుంటాను, నాకు పుట్టుకతోనే చూపు లేదు” అన్నాడాయన.