ద్రాక్షపండ్ల వాసన

ఇంట్లో ద్రాక్షపండ్లు లేవు. అయినా ఆ వాసనకే సాహిరాకు మెలకువ వచ్చింది.

భర్త అఫ్జల్ మంచం మీద నిద్రపోతున్నాడు. రొయ్యల గుంటలో తెగిన అతని పాదానికి పచ్చటి చీము పట్టినప్పుడూ ఇదే వాసన. సూడోమోనాస్ అనే, తడిలో పెరిగే సూక్ష్మక్రిమి అన్నాడు డాక్టరు. చీము పరీక్ష చేయించి, దానికి పనిచేసే ఇంజెక్షన్లు పది రోజులు వేశాడు. పుండుకు తడి తగలకూడదన్నాడు. వాసన పోయింది. ఇంటికొచ్చి వారమైంది.

చీకట్లో టప్పుమని నీటిచుక్క పడింది. మళ్లీ ఒకటి.

సాహిరా ఫోన్ లైటు వేసింది. అత్త బీజాన్ కొడుకు కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. కట్టు విప్పి, లోపల పాచి పట్టిన సీసాలోంచి నీళ్లు వేలితో తీసి, నొప్పి తగలకుండా పుండు మీద అద్దుతోంది.

"ఏందత్తా అది?"

"దువా చదివి ఊదిచ్చిన నీళ్లమ్మా. దెబ్బ తగిలిన కాడ్నించి దాచిపెట్టుకోనుండా. ఆస్పత్రిలో అద్దనీలేదు గదా, పాపం బిడ్డకి."

సాహిరా సీసా లాక్కుంది.

బీజాన్ కోడలి తల నిమిరింది. "భయపడబాకమ్మా. పాపకు గూడా రోజూ రెండు చుక్కలు తాపతానే ఉండా."

పాప ఊయల, మంచానికి దూరంగా, కిటికీ కింద ఉంది. వాసన అటునుంచే వస్తోంది.