హెలికాప్టర్‌కు దిష్టి

హెలికాప్టర్ మనిషెత్తు లేచింది, పక్కకు ఒరిగింది, వరి కోసిన మడిలో కూలబడింది.

అజయ్ కుమార్ దాని దగ్గరికి పరుగెత్తలేదు. ముందు గట్టు వంక చూశాడు.

అనుకున్నట్టే ఆ ముసలాయన గట్టు మీద నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె, చేతిలో గుడ్డసంచి.

పోయిన ఆదివారమూ ఇంతే. ఆయన వచ్చి నిలబడ్డాడు, ఇది పడింది.

అజయ్‌కి ఆళ్ళగడ్డలో విత్తనాల అంగడి ఉంది. ఆదివారం అంగడి మూసి, ఊరి బయట మడిలో రిమోటు హెలికాప్టర్ ఎగరేయడం అతని పిచ్చి. మొన్నటిదాకా చేతిలో ఉన్నది కొత్తగా నేర్చుకునేవాళ్ళ బొమ్మ. జానెడు ఉంటుంది. చెయ్యి వదిలినా గాల్లో తనంతట తనే నిలబడేది. పడితే దుమ్ము దులిపి మళ్ళీ ఎగరేసేవాడు.

ఇప్పుడున్నది అసలైనది. మోచేయి దాటిన పొడవు. నంద్యాలలో దేవరాజు అంగట్లో కొన్నాడు. ఎవరో ఒక్కొక్క ముక్కా బిగించి, ఒక్కసారి కూడా ఎగరేయకుండా అమ్మకానికి పెట్టారు.

"ఎగరేసేవాళ్ళకే ఇయ్యమన్నారన్నా. అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్ళకు వద్దంట" అన్నాడు దేవరాజు ఆ రోజు.

ఎవరన్నారో అజయ్ అడగలేదు. వస్తువు చేతికొచ్చిన సంబరంలో అదంతా ఎవరికి కావాలి!

చిన్నది సాధువైన ఆవు అయితే ఇది కోడెదూడ. రెప్పపాటు ఏమరితే తన దారిన తాను పోతుంది. కానీ తన చేతికి ఇంకా కుదరలేదని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అజయ్ తప్పంతా గట్టు మీద మనిషి కళ్ళలో వెతుక్కున్నాడు.

ఇంటికొచ్చి భార్య హేమలతతో చెప్పాడు.

"కొత్త వస్తువు. ఎవురి కన్ను ఎట్లాంటిదో! ఉండు, నల్లదారం గడతా" అంది ఆమె.

మంత్రించిన దారం తెచ్చి హెలికాప్టర్ తోకకు చుట్టి ముడేసింది.

తర్వాతి ఆదివారం అది చక్కగా లేచింది. గాల్లో కదలకుండా నిలబడింది. అజయ్ ఒళ్ళు పులకరించింది.

అంతలో రోడ్డు మీద నంద్యాల బస్సు ఆగింది. ముసలాయన దిగాడు.

అజయ్ గబగబా హెలికాప్టర్‌ని దించేశాడు. రిమోటు చేత్తో పట్టుకునే గట్టు ఎక్కాడు.

"ఎవురప్పా నువ్వు? యాడుండి వస్తాండావ్?"

"నంద్యాల నుంచి నాయనా."

"ఈడ ఏం పని నీకు?"

"పనేం లేదు. అది ఎగుర్తాంటే చూద్దామని."

"ఇది చూసేదానికి బస్సెక్కి వస్తారా ఎవురన్నా?"

ముసలాయన నవ్వి, సంచిలో చెయ్యి పెట్టి మామిడిపండ్లు తీశాడు.

"బనగానపల్లె పండ్లు. తిను నాయనా. నువ్వు ఎగరేసేది శానా బాగుంది."

అజయ్ వాటిని ముట్టుకోలేదు.

"నువ్వు వచ్చినప్పుడల్లా అది పడతాంది. నీ కన్ను మంచిది గాదు. ఇంక ఈడికి రావాకు."

ముసలాయన ముఖంలో కోపం రాలేదు. మడిలో ఉన్న హెలికాప్టర్‌ని చూశాడు. ఏదో ఆలోచించాడు.

"కావచ్చు నాయనా" అన్నాడు.

పండ్లు గట్టు మీద పెట్టి, వెనక్కి తిరిగి నడిచాడు.

అజయ్‌కి ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. పెద్దాయన్ని అంత మాట అనకుండా ఉండాల్సింది. కానీ వెనక్కి పిలవలేదు. తప్పు ఆయనే ఒప్పుకున్నాడు కదా అని సమాధానం చెప్పుకున్నాడు.

పీడ వదిలిందని మళ్ళీ ఎగరేశాడు. ఈసారి భయం లేదు. కరెంటు స్తంభమంత ఎత్తుకు తీసుకెళ్ళాడు.

గాలికి ముడి వదులై, దారం కొస తోక దగ్గరి చిన్న రెక్కల్లో పడింది. ఆ రెక్కలు ఆగిపోయాయి. హెలికాప్టర్ గిర్రున తిరుగుతూ వచ్చి కాలువ రాళ్ళ మీద పడింది.

అజయ్ పరుగెత్తి ఎత్తుకున్నాడు. నడుము రెండు ముక్కలైంది. తోక రెక్కలకు నల్లదారం బిగుసుకుని ఉంది.

గట్టు వైపు చూశాడు. ఎవరూ లేరు.

ఎవరి దిష్టికి పడిందని చెప్పుకోవాలి ఇప్పుడు? సిగ్గుతో అజయ్ తల వాలిపోయింది.

మర్నాడు సాయంత్రం నంద్యాల పోయి, ముక్కలన్నీ దేవరాజు బల్ల మీద పెట్టాడు.

దేవరాజు దారం విప్పాడు.

"ఇదెవురు గట్టినారన్నా?"

"మా ఇంట్లో. దిష్టి తగలకుండా."

దేవరాజు నవ్వలేదు.

"బాగు చేస్తే ఎగుర్తాదా?" అడిగాడు అజయ్.

"ఎగరదన్నా. ఇంక ఏమీ లేదు దీంట్లో."

దేవరాజు విరిగిన తోకను చేతిలోకి తీసుకున్నాడు.

"నిన్న మద్దిలేటప్ప వచ్చినాడా ఆడికి? తెల్ల పంచె, గుడ్డసంచి..."



"వచ్చినాడు. రావాకని నేనే చెప్పినా. ఆయన నీకెట్ల తెలుసు?"

"దీన్ని నాకు తెచ్చిచ్చింది ఆయనే. నువ్వు యాడ ఎగరేస్తావో నేనే చెప్పినా. పొద్దున ఈడికొచ్చినాడు. ఇంక ఆళ్ళగడ్డకు పోనన్నాడు."

"నా మీద కోపమొచ్చిందా?"

"లేదన్నా. నువ్వు చెప్పిందే నిజమన్నాడు."

"ఏం నిజం?"

దేవరాజు విరిగిన తోకను బల్ల మీద మెల్లగా పెట్టాడు.

"'ఇది నా బిడ్డ పూర్ణిమ జబ్బుతో మంచంలో ఉండి బిగించుకున్నది, ఎగరేయకుండానే పాయె, కన్నోళ్ళ దిష్టే పెద్ద దిష్టంటారు గదప్పా, నేను దూరంగా ఉంటే ఇదన్నా బతుకుతాది' అనె."